ఎండ సరే, పేగు సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన ఎముకల వ్యాసం చదివిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. విశాఖలో పుట్టి పెరిగి విటమిన్ డి లోపించడం మన బద్ధకమేనని, పొద్దున బీచ్ రోడ్డులో నడిచి రెండు పూటలా పాలు తాగితే చాలునని అందులో సెలవిచ్చారు. మా అమ్మాయి నాలుగేళ్ళపాటు ఆ రెండూ చేసింది. వారానికొకసారి 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి, రోజూ కాల్షియం మాత్ర మింగినా మెట్లెక్కితే తుంటి నొప్పితో కూలబడేది. పాలు తాగితే పొట్ట ఉబ్బేది. ‘ఎదిగే పిల్ల, ఎండలో తిప్పండి’ అన్నవారే కానీ, విరేచనాలు ఎలా ఉన్నాయని అడిగిన వైద్యుడు లేడు. చివరికి ఒకరు అడిగి, టీటీజీ అనే యాంటీబాడీల రక్తపరీక్ష, ఆపైన ఎండోస్కోపీ చేయిస్తే సీలియాక్ వ్యాధి అని తేలింది.

గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడక, చిన్నపేగు లోపల ఆహారసారాన్ని పీల్చుకునే సన్నని చూషకాలు అరిగిపోయే జబ్బు ఇది. డి విటమిన్ సాయంతో కాల్షియాన్ని చురుగ్గా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. ఈ జబ్బు ముఖ్యంగా దెబ్బతీసేదీ అక్కడే. కొవ్వు సరిగా ఒంటబట్టకపోతే కొవ్వులో కరిగే ఆ విటమిన్ కూడా దానితోపాటే బయటికి పోతుంది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం తగ్గకుండా ఎముకల నుంచే లాగుతాయి. ఇంత జరుగుతుంటే సూర్యుడొక్కడూ ఏం చేయగలడు?

గోధుమ మానిపించాక పిల్ల కోలుకుంది, మా పాట్లే మొదలయ్యాయి. చోళ్ళలో, అంటే రాగులలో, కాల్షియం పుష్కలం కనుక అంబలి కాస్తున్నాము. అయితే పిండిమిల్లులో గోధుమలు ఆడిన రాతి మీదే చోళ్ళూ పోస్తారు కాబట్టి పొద్దున్నే తలుపు తీయకముందే వెళ్ళి నిలబడి, నిన్నటి పిండి దులిపించి, మొదటి గుప్పెడు పారబోయించి ఆడించుకుంటున్నాను. బంధువులు తెచ్చే మాడుగుల హల్వా గోధుమ పాలతో చేసినదని చెబితే ‘ఒక్క ముక్కకేమవుతుంది’ అంటారు. ఇడ్లీ క్షేమమే, పక్కనున్న సాంబారు కాదు, ఎందుకంటే అంగట్లో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిపినదే, ఆ సంగతి డబ్బా మీద చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. కిలోకు 20 మిల్లీగ్రాములు మించితే గ్లూటెన్ రహితమని అచ్చు వేయరాదన్న నిబంధన ఉంది కానీ, విడిగా తూచి అమ్మే సరుకుకు అచ్చెక్కడ?

దీని గురించి సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. ‘ఇంగువలో పిండి కలపడం నేరం కాదు కదా మాస్టారూ’ అన్నారు. నేరమని నేను అనలేదు, పెద్ద అక్షరాల్లో రాయమన్నాను. మీరైనా మరోసారి ఎండ గురించి రాసేటప్పుడు, మందులు వాడుతున్నా డి విటమిన్ పెరగనివారికి పేగు పరీక్ష అవసరం కావచ్చునని ఒక్క వాక్యం చేర్చగలరు.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార, విశాఖపట్నం