రక్షణ మంత్రి జాన్ హీలీ గారికి బ్రిస్టల్ నుంచి ఒక తెలుగు ఓటరు బహిరంగ లేఖ

బ్రిటన్ రక్షణ మంత్రి జాన్ హీలీ గారికి,

నమస్కారమండీ. ఇంగ్లీషు రాక కాదు, ఇంగ్లీషులో రాస్తే మీ ఆఫీసులో ఎవరో ఒకరు చదివి మర్యాదగా ఓ జవాబు పంపి ఫైల్లో పెట్టేస్తారు, ఇది మీకన్నా ముందు ఇక్కడున్న మా తెలుగోళ్ళు చదవాలని తెలుగులో రాస్తున్నా. మాది తెనాలి పక్కన చిన్న ఊరు, పన్నెండేళ్ళ నుంచి బ్రిస్టల్‌లో ఉంటున్నా. పాస్‌పోర్టు ఇండియాదే, కానీ కామన్వెల్త్ దేశం వాళ్ళం కాబట్టి ఇక్కడ నివాసం ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో మాకూ ఓటుంది (మనోళ్ళు చాలామందికి ఈ సంగతే తెలీదు, తెలిసినా రిజిస్టర్ చేయించుకోరు). 2024 జులైలో వేశా కూడా. ఎవరికి వేశానో ఇంట్లోనే చెప్పలేదు, ఇక మీకేం చెప్తాను.

అసలీ లేఖకి మూలం తిరువనంతపురం. 2025 జూన్ 14న మీ ఎఫ్-35బి యుద్ధవిమానం ఒకటి అక్కడ దిగి, హైడ్రాలిక్స్ చెడిపోయి, జులై 22 దాకా కదల్లేదు గుర్తుందిగా. కేరళ వానలో అది నిలబడుంటే చుట్టూ మా సీఐఎస్ఎఫ్ జవాన్ల కాపలా, అక్కడి టూరిజం వాళ్ళేమో ఇంత మంచి చోటు వదిలి పోబుద్ధి కావట్లేదని ఆ విమానమే రివ్యూ రాసినట్టు పోస్టర్ వేశారు, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ నిండా అవే జోకులు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మా మావయ్య మాత్రం నవ్వలేదు. "బండన్నాక ఆగుద్దిరా, ఆగిందని బండిని తిట్టకూడదు, స్పేరూ మెకానిక్కూ ఎన్నాళ్ళకి వచ్చాయో చూడు, డిపో సంగతి తెలిసిపోద్ది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మాట పట్టుకుని మీ డిపో సంగతి చదవడం మొదలెట్టానండీ, మొదలెట్టినోణ్ణి ఊరుకోలేకపోయా.

డిపో అంటే నాకు పొద్దున్నే కనపడేదే. నేను ఎక్కే రైలు ఫిల్టన్ అబీ వుడ్ స్టేషన్లో ఆగుద్ది, మీ శాఖకి విమానాలూ ఓడలూ కొనిపెట్టే ఆఫీసు ఆ పక్కనే. అక్కడ దిగేవాళ్ళు కాఫీ కప్పు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మెళ్ళో ట్యాగ్ జేబులోకి దోపుకుంటూ మెట్లెక్కుతారు, మామూలు ఉద్యోగస్తులు, మొహం మీద సోమవారం తెలుస్తూ ఉంటది. వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్ళు మొదలెట్టిన పని పైనున్నోళ్ళు మధ్యలో ఎన్నిసార్లు మార్చారో చదివాక జాలేస్తుంది కూడా.

చినూక్ హెలికాప్టర్ల కథే తీసుకోండి. 1995లో ఎనిమిది చినూక్ హెచ్‌సీ3లు ఆర్డర్ ఇచ్చారు, దాదాపు 26 కోట్ల పౌండ్లు. డబ్బు మిగులుద్దని పాత డయల్స్ కొన్నీ కొత్త డిజిటల్ స్క్రీన్లు కొన్నీ కలిపి ఎక్కడా లేని ఓ కాక్‌పిట్ చేయించారు. 2001లో అవి వచ్చాయి. వచ్చాక, ఈ సాఫ్ట్‌వేర్ సేఫ్ అని సర్టిఫికెట్ ఇవ్వాలంటే లోపలి కోడ్ చూడాలి కదా అన్నారు ఇంజనీర్లు, తీరా చూస్తే ఆ కోడ్ చూపించాలన్న షరతు కాంట్రాక్టులోనే లేదు. ఇక్కడ నేనో నిమిషం ఆగిపోయానండీ, ఎందుకంటే నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, చిన్న పేరోల్ సిస్టమ్ కొన్నా మేము మొదట అడిగే ప్రశ్న అది. చివరికేమైంది, మబ్బు లేనప్పుడే ఎగరాలి, 500 అడుగుల పైనే ఎగరాలి అన్నారు, అంటే ఈ దేశంలో ఎగరొద్దు అన్నట్టే లెక్క. అటు అఫ్గానిస్తాన్‌లో సైనికులు హెలికాప్టర్లు చాలట్లేదు మొర్రో అంటుంటే ఇటు కొత్త చినూక్‌లు ఏసీ హ్యాంగర్లలో ఏళ్ళ తరబడి కూర్చున్నాయి. ఆఖరికి ఆ కొత్త కాక్‌పిట్ పీకేసి పాత రకం పెట్టారు, మొత్తం బిల్లు 50 కోట్ల పౌండ్లు దాటింది. ఆర్డర్ ఇచ్చింది కన్సర్వేటివ్‌లు, మూలన పెట్టింది మీ లేబర్ వాళ్ళు. తిలాపాపం తలా పిడికెడు.

నిమ్రాడ్ అంతకన్నా బాధ. 1996లో 21 సముద్ర గస్తీ విమానాలన్నారు, పాత నిమ్రాడ్‌ల బాడీలే తీసుకుని కొత్త రెక్కలు తగిలిస్తామన్నారు, తీరా తగిలించబోతే ఆ బాడీలు చేతిపనితో కట్టినవి, ఒకదాని కొలత ఇంకోదానికి లేదు. మా ఊళ్ళో పాత ద్వారబంధానికి కొత్త తలుపు చేయించినోడెవణ్ణైనా అడిగితే చెప్పేవాడు. 21 కాస్తా 18, 16, 12, చివరికి 9 అయ్యాయి. 2010 అక్టోబర్లో కామెరాన్ ప్రభుత్వం మొత్తం ఎత్తేసింది, అప్పటికే 300 కోట్ల పౌండ్ల పైన ఖర్చయిపోయింది. 2011 మొదట్లో వుడ్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో ఎక్స్‌కవేటర్లు పెట్టి ఆ విమానాలని పచ్చడి చేస్తుంటే టీవీల్లో చూపించారు. కన్నదీ కన్సర్వేటివ్‌లే, చంపిందీ కన్సర్వేటివ్‌లే, మధ్యలో 13 ఏళ్ళు నానబెట్టింది మీ వాళ్ళు. ఆ తర్వాత స్కాట్లండ్ పక్క సముద్రంలో జలాంతర్గామి ఏదో తిరుగుతోందన్న అనుమానం వచ్చినప్పుడు వెతకడానికి మిత్రదేశాల విమానాల్ని బతిమాలుకున్నారు. బోయింగ్ దగ్గర కొన్న పీ-8 గస్తీ విమానాల్లో మొదటిది స్కాట్లండ్‌లో దిగేసరికి 2020 ఫిబ్రవరి. ద్వీపదేశానికి పదేళ్ళు సముద్రం మీద కన్ను లేదు!

విమానవాహక నౌకల గురించి తక్కువే చెప్తా, లేకపోతే ఈ లేఖ తెమలదు. రెండు పెద్ద నౌకలు కడతామని 1998లో చెప్పింది అప్పటి మీ పార్టీ రక్షణ మంత్రి జార్జ్ రాబర్ట్‌సన్, 2025లో మీకు డిఫెన్స్ రివ్యూ రాసిచ్చిందీ ఆయన ఆధ్వర్యంలోనే, ఆ ఓపికకి దండం. 2008లో కాంట్రాక్టు సంతకం చేసి, అదే ఏడాది చివర్లో ఆ పూట బడ్జెట్ కుదరక పని నెమ్మది చేయమన్నారు, దాంతో సుమారు 150 కోట్ల పౌండ్లు అదనంగా పడ్డాయని నేషనల్ ఆడిట్ ఆఫీస్ లెక్క తేల్చింది. 2010లో కొత్త ప్రభుత్వం వచ్చి నిట్టనిలువుగా దిగే ఎఫ్-35బి వద్దు, డెక్ మీద యంత్రం తోస్తే లేచే ఎఫ్-35సి కావాలి, డెక్ మార్చండి అంది, 2012లో అదే ప్రభుత్వం అబ్బే ఖర్చెక్కువవుతోంది, మళ్ళీ బి నే అంది. ఈలోపు ఉన్న హారియర్ యుద్ధవిమానాలని 2010లోనే రిటైర్ చేసేసి, 72 విమానాల్ని 11.6 కోట్ల పౌండ్లకి అమెరికా వాళ్ళకి స్పేర్ పార్టుల కింద అమ్మేశారు. ప్రభుత్వం మారితే కట్టేది ఆగిపోవడం మాకు కొత్త కాదులెండి, అమరావతి చూసినోళ్ళం, కానీ ఒకే ప్రభుత్వం రెండేళ్ళలో తన మాట తనే తిప్పుకోవడం మాత్రం మీ దగ్గరే చూశా.

వెడ్జ్‌టెయిల్ రాడార్ విమానాలైతే ఇంకో రకం తెలివి. 2019లో ఐదు కొంటామన్నారు, 2021లో మూడు చాలన్నారు, కానీ రాడార్లు ఐదూ అప్పటికే కొనేశారు. విమానాలు 40 శాతం తగ్గితే ఖర్చు తగ్గింది 12 శాతమేనని 2023లో పార్లమెంటు డిఫెన్స్ కమిటీ చెప్పింది. ఐదు గదులకి ఫ్యాన్లు కొని మూడు గదుల ఇల్లు కట్టుకున్నట్టు. పాత సెంట్రీ రాడార్ విమానాలని 2021లోనే పంపించేశారు, 2023లో వస్తుందన్న కొత్తది 2025లో కూడా డ్యూటీ ఎక్కలేదు.

ఇవన్నీ పాతవి, నన్నెందుకు అంటారా? మీ హయాంలోదే చెప్తా. 2025 జూన్‌లో 12 ఎఫ్-35ఎ విమానాలు కొంటామని మీ ప్రధాని ప్రకటించారు, నాటో అణు మిషన్ కోసం, బి కన్నా చవక అని కూడా అన్నారు. ఇవి మీ నౌకల మీద దిగలేవు, అది సరే, అందరికీ తెలిసిందే. గాల్లో ఆయిల్ ఎలా పోస్తారండీ? ఎఫ్-35బి అయితే ముక్కు పక్కన్నుంచి సన్న గొట్టం బయటికి చాపి, ట్యాంకర్ (గాల్లో ఇంధనం పోసే విమానం) వదిలిన పైపు చివర బుట్టలో దూరుస్తుంది. ఎఫ్-35ఎ కి రంధ్రం వీపు మీద ఉంటుంది, ట్యాంకర్ తోక కింద నుంచి గట్టి కడ్డీ ఒకటి దిగి అందులో కూర్చోవాలి. మీ వాయేజర్ ట్యాంకర్లు 14, ఒక్కదానికీ ఆ కడ్డీ లేదు. అవి కూడా సొంతవి కావు, 2008లో లేబర్ ప్రభుత్వమే 27 ఏళ్ళ కాంట్రాక్టు మీద ప్రైవేటు కంపెనీ నుంచి తీసుకుంది. అంటే మీ అణుబాంబు విమానానికి గాల్లో దాహం వేస్తే పక్క దేశం ట్యాంకర్‌కి చెయ్యి చాపాలి. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే.

ఎఫ్-35 ల మీద 2025 జులైలో నేషనల్ ఆడిట్ ఆఫీస్ ఇచ్చిన రిపోర్టు, అక్టోబర్‌లో పబ్లిక్ అకౌంట్స్ కమిటీ రిపోర్టు రెండూ కూర్చుని చదివా. ఎఫ్-35 ల జీవితకాలం ఖర్చు మీ శాఖ 5,700 కోట్ల పౌండ్లు అంటే, ఆడిట్ వాళ్ళు జీతాలూ ఇంధనం లాంటివి కలిపి 7,100 కోట్లు అన్నారు. ఏడు రకాల పనుల్లో కనీసం ఒక్కటైనా చేయగలిగే స్థితిలో విమానాలు ఉండటం అన్నది 2024లో మీ టార్గెట్‌లో సగం దగ్గరే ఉందట. ఇంజనీర్లు ఎందుకు చాల్లేదయ్యా అంటే, విమానానికి ఎంతమంది కావాలో లెక్కేసినప్పుడు మనుషులు సెలవు పెడతారన్న సంగతి కలపలేదట! మావయ్యకి ఫోన్లో చదివి వినిపిస్తే రెండుసార్లు చదివించుకున్నాడు, "పండక్కి డ్రైవర్లు ఊరెళ్తారని తెలీని డిపో మేనేజర్ ఉంటాడా" అన్నాడు.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, ఈ లెక్కలన్నీ నాకు దొరికాయి. మా దేశంలో రఫేల్ మీద 2019లో కాగ్ రిపోర్టు వస్తే ధరల అంకెలు తీసేసి ఇచ్చారు. మీ దగ్గర ప్రతిపక్షం ఎంపీ పబ్లిక్ అకౌంట్స్ కమిటీ కుర్చీలో కూర్చుని మీ సెక్రటరీని కెమెరా ముందు నిలదీస్తాడు. మంచిదే, కానీ నిలదీసేసరికి ఆ నిర్ణయం తీసుకున్న మంత్రి ఎక్కడో ఉంటాడు. 1997 నుంచి 2010 దాకా లేబర్‌కి ఆరుగురు రక్షణ మంత్రులు, 2010 నుంచి 2024 దాకా కన్సర్వేటివ్‌లకి ఏడుగురు, పెన్నీ మార్డంట్ గారైతే 85 రోజులే. ప్రాజెక్టులు సగటున 80 శాతం ఆలస్యం, 40 శాతం అదనపు ఖర్చు అని రక్షణ కొనుగోళ్ళ మీద సమీక్ష చేసిన బెర్నార్డ్ గ్రే గారు 2009లోనే రాసిచ్చారు, ఆ రిపోర్టు చేయించిన పార్టీ ఏడాదిలోపే ఓడి దిగిపోయింది, వచ్చినోళ్ళు అదంతా పాతోళ్ళ తప్పు అని పద్నాలుగేళ్ళు చెప్పారు, ఇప్పుడు మీరు ఆ పద్నాలుగేళ్ళ గురించి చెప్తున్నారు. అంతకు ముందు కథా అంతే, 1965లో సొంతంగా చేస్తున్న టీఎస్ఆర్-2 యుద్ధవిమానాన్ని రద్దు చేసి, అమెరికా ఎఫ్-111 కొంటామని, 1968లో అదీ వద్దన్నప్పుడు మీ కుర్చీలో ఉన్నది మీ ఇంటిపేరే ఉన్న డెనిస్ హీలీ గారు (చుట్టరికం లేదని తెలుసు, ఊరికే అన్నా).

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదండీ. కొత్త డైరెక్టర్లు, కొత్త పేర్లు, కొత్త లోగోలు మీరెలాగూ పెట్టుకుంటారు. ఏ విమానం సంఖ్య తగ్గించినా, వాయిదా వేసినా, రకం మార్చినా, అదే రోజు ఒక్క పేజీ పార్లమెంటు ముందు పెట్టండి. ఈ ఏడాది ఎంత మిగిలింది, పదేళ్ళలో ఎంత పెరుగుద్ది, ఎన్నేళ్ళు ఆ పని చేసే విమానం లేకుండా ఉంటాం, కింద మంత్రి సంతకం. మీ సెక్రటరీ ఇది డబ్బుకి తగ్గ పని కాదు అంటే మీరు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి, అది బయటపెట్టే పద్ధతి ఎలాగూ ఉంది, దాన్నే వాయిదాలకీ కోతలకీ సాగదీయండి చాలు. రాడార్‌కి కనపడకుండా ఉండే గుణాన్ని పరీక్షించే సెంటర్ ఒకటి వాయిదా వేసి అప్పటికి 8.2 కోట్ల పౌండ్లు మిగిల్చి, చివరికి 1.6 కోట్ల పౌండ్లు అదనంగా పెట్టబోతున్నారని మాకు తెలిసింది ఏళ్ళ తర్వాత, ఆ రోజే ఆ పేజీ ఉంటే ఎవరైనా ఒక ఎంపీ లేచి అడిగేవాడు కదా.

మొదటి పేజీ ఎఫ్-35ఎ ట్యాంకర్ల మీదే రాయండి.

ఇట్లు,
ఫిల్టన్ అబీ వుడ్ మీదుగా రోజూ పోయే ఒక ఓటరు

తా.క.: తిరువనంతపురం నుంచి మీ విమానం బయల్దేరిన రోజు మావయ్య గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్ పెట్టాడు, "పార్ట్ దొరికినట్టుంది".