అటవీ శాఖ మంత్రిగారూ, సైకిలుకు ఒక చీటీ ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

నేను పలాసలో జీడిపిక్కలు కొని పప్పు తీయించే చిన్న వ్యాపారిని. వారంలో ఆరు రోజులు పిక్కల లెక్కల్లో ఉంటాను. ఏడో రోజు సైకిలెక్కి మహేంద్రగిరి దిక్కుగా పోతాను. 1,501 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలో ఉన్నా, దాని పాదాలు మా మందస మండలం దాకా చాచుకొని ఉన్నాయి. ఆ పాదాల దగ్గరే మొన్న సంక్రాంతి వెళ్లిన ఆదివారం నన్ను ఆపారు.

ఆపిన అటవీ శాఖ ఉద్యోగి మర్యాదస్థుడే. "ఎవరిని అడిగి వచ్చారండీ?" అన్నాడు. "ఎవరిని అడగాలి?" అన్నాను. కాసేపు ఆలోచించి, "అది నాకూ తెలియదు, అడగకుండా మాత్రం రాకూడదు" అన్నాడు. మేము మాట్లాడుకుంటూ ఉండగానే రెండు మోటారు సైకిళ్లు పొగ వదులుతూ మా పక్క నుంచే లోపలికి వెళ్లిపోయాయి. నేను వెనక్కి తిరిగాను. ఆ తరువాత రెండు కార్యాలయాల మెట్లెక్కాను. కింది కార్యాలయంలో పైవారికి రాసుకోమన్నారు, పైవారు కిందివారినే అడగమన్నారు. అందుకని ఆ ఇద్దరికీ పైన ఉన్న మీకు రాస్తున్నాను.

ఆ ఉద్యోగిది తప్పని నేను అనను. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరమే. అనుమతి అడిగినందుకు నాకు కోపం లేదు. అడిగితే ఇచ్చే చోటంటూ లేకపోవడమే నా బాధ.

నా సైకిలు గురించి రెండు మాటలు చెప్పాలి. దీన్ని గ్రావెల్ సైకిలు అంటారు. కిందికి వంగిన హ్యాండిలుతో పందెం సైకిలులా కనిపిస్తుంది. తేడా అంతా టైర్లలో ఉంది. తారు రోడ్డు మీద పరుగెత్తే పందెం సైకిలుకు 25, 28 మిల్లీమీటర్ల టైరు వేస్తే, దీనికి 40 మిల్లీమీటర్లది వేస్తారు. నేను అందులో 35 పౌండ్ల గాలి మాత్రమే కొట్టిస్తాను. రాయి తగిలితే టైరు నొక్కుకుపోయి మళ్లీ లేస్తుంది, మనిషిని ఎగరెయ్యదు. అమెరికాలోని కాన్సస్‌లో 2006లోనే మట్టిరోడ్ల మీద 200 మైళ్ల పందెం మొదలైంది. 2022లో ఇటలీలో దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టారు. అయినా ఇదేదో పరదేశపు సరదా అనుకోవద్దని మనవి. పంచాయతీ శిలాఫలకాల మీద "గ్రావెల్ రోడ్డు" అన్న మాట చదువుతూ పెరిగినవాళ్లమే మనమంతా.

మా నాన్నకు ఆ రోడ్లు అరచేతి గీతలంత పరిచయం. నల్ల సైకిలు వేసుకొని కొండ దిగువ సవర గూడేలకు వెళ్లి పిక్కలు కొనేవాడు. బస్తా అంటే 80 కిలోలు. అంత మోయలేదని సగం బస్తా వెనక క్యారేజీ మీద కట్టుకొని వచ్చేవాడు. దిగుడులో బ్రేకులు చాలవు కనుక వెనక ఒక పచ్చికొమ్మ కట్టి, దాన్ని ఈడ్చుకుంటూ దిగేవాడట. ఇంటికొచ్చేసరికి కొమ్మకు ఆకులు ఉండేవి కావని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటలను నేలకూల్చిన వారంలోనూ, కూలిన చెట్ల మీదుగా సైకిలు భుజాన వేసుకొని నడిచిన వాళ్లే ముందుగా ఆ ఊళ్లకు చేరారు. అడవిలో సైకిలు కొత్త చుట్టం కాదు మంత్రిగారూ.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. నాకు ముచ్చటగా అనిపించే ఆ రాళ్ల బాటే గూడెంలో నొప్పులు పడుతున్న ఆడమనిషికి డోలీ బాట. "ఆహా, ఎర్రమట్టి ఎంత బాగుంది" అని నేను ఫొటో తీసుకునే మలుపులోనే నలుగురు మనుషులు కర్రకు కట్టిన డోలీని భుజం మార్చుకుంటారు. అందుచేత గూడేనికి పోయే బాటను తారు వెయ్యకుండా అలాగే ఉంచండని అడిగే హక్కు నాకు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి రోడ్లకు దారి చూపింది కూడా: గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక హెక్టారుకు మించని అటవీ భూమిలో, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా రోడ్డు వేసుకోవచ్చు. ఆ రోడ్లన్నీ వెయ్యండి, త్వరగా వెయ్యండి. నేను అడిగేది మిగిలిన బాటల గురించి. ఒకప్పుడు కలప కొట్టి తరలించడానికి వేసిన కూపు రోడ్లు, మీ సిబ్బంది గస్తీకి, వేసవిలో మంటలు పాకకుండా శుభ్రం చేయించే బాటలు ఉన్నాయి. కొత్తగా ఒక్క గజం కూడా తవ్వనక్కరలేదు.

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది ఎలుగుబంటి. జీడిపండు వాసనకు అది తోటల్లోకి దిగుతుందని మందస, వజ్రపుకొత్తూరు వైపు పిల్లవాడిని అడిగినా చెబుతాడు. సైకిలు చప్పుడు చెయ్యదని మేము గొప్పగా చెప్పుకుంటాము కానీ, ఎలుగు విషయంలో ఆ గొప్పే ప్రమాదం. మోటారు సైకిలు వస్తుంటే అది ముందే తప్పుకుంటుంది. నిశ్శబ్దంగా మలుపు తిరిగి దాని ముక్కు ముందు నిలిచినవాడి మీద పడుతుంది. కనుక గంట లేని సైకిలును, ఒంటరిగా వచ్చినవాడిని లోపలికి వదలవద్దు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం నాలుగు తరువాత అసలే వద్దు.

రెండోది ఏనుగు. ఒడిశాలోని లఖేరి అడవుల నుంచి దిగి, మన్యం పల్లెల్లో తిరిగే గుంపుల సంగతి మీకు నేను చెప్పేదేమీ లేదు. వాటి వెనక తిరిగే ట్రాకర్లు ఊళ్లకు ముందే కబురు పంపుతున్నారు కదా. ఆ కబురే గేటు దగ్గరకూ వస్తే చాలు, ఆ రోజు బాట మూసెయ్యవచ్చు. మేము ఇంటికి పోయి పడుకుంటాము.

మూడోది ఎవరూ అడగనిది, నేనే చెబుతున్నాను. మా కొండల రాయిని ఖోండలైట్ అంటారు, ఖోందు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. అది శిథిలమైతే వచ్చే ఎర్రమట్టి ఎండలో ఇనుములా ఉంటుంది, వానలో జారుడుబండ అవుతుంది. తడిసిన మట్టిలో చక్రం పడితే గాడి పడుతుంది. గాడి వెంట నీళ్లు పారి బాటను కోసుకుపోతాయి. కాబట్టి వానాకాలమంతా మూసి ఉంచండి.

స్కాట్లాండులో 2003లో చేసిన భూ సంస్కరణల చట్టం, బాధ్యతగా నడుచుకునేవారికి అడవి బాటల్లో నడవడానికి, సైకిలు తొక్కడానికి హక్కు ఇచ్చింది. మోటారు వాహనాలకు ఇవ్వలేదు. అక్కడ ఏనుగులు లేవని మీ అధికారులు అంటారు, నిజమే. అందుకే నేను హక్కు అడగడం లేదు, చీటీ అడుగుతున్నాను. మోటారు ఉన్నదానికీ లేనిదానికీ తేడా చూడండన్నంత వరకే ఆ ఉదాహరణ.

ఆ చీటీ ఎవరు ఇవ్వాలంటారా, అడవిని కాపాడేందుకు మీ శాఖతో కలిసి ఊరివాళ్లే నడిపే వన సంరక్షణ సమితి ఇవ్వాలి. మనిషికి ఇంత అని రుసుము తీసుకొని, పేరు రాసుకొని, సాయంత్రం తిరిగి వచ్చారో లేదో చూసుకునే పని వాళ్లకు అప్పగించండి. డబ్బు కూడా వాళ్ల దగ్గరే ఉండాలి. సమితుల చేత పర్యాటకం నడిపించిన అనుభవం మీ శాఖకు మారేడుమిల్లిలో ఉంది. సమితి వద్దంటే అక్కడికి మేము పోము.

ఒక భయం కూడా ఉంది. ఈ లేఖ చదివి ఎవరో ఉత్సాహవంతుడు కొండ కింద ఆర్చి కట్టించి, సిమెంటు జింకను నిలబెట్టి, "సాహస క్రీడల కేంద్రం" అని బోర్డు పెడతాడేమోనని. దయచేసి ఆ పని చెయ్యనివ్వవద్దు. ఒక గేటు, ఒక చీటీ పుస్తకం, ఒక పెన్ను చాలు.

ఏప్రిల్ వచ్చి పండ్లు రాలడం మొదలైతే ఆ బాటలు ఎలుగులవి, పిక్కలు ఏరుకునేవారివి. నేనూ బేరాల్లో ఉంటాను. ఈలోగా నిర్ణయం జరిగితే నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. నన్ను ఆపిన ఆ ఉద్యోగికి రాయండి. ఎవరిని అడగాలో ఆయనకూ తెలియాలి కదా.

ఇట్లు,
పలాస జీడిపిక్కల వ్యాపారి ఒకరు