హార్త్‌స్టోన్ ఆడే మన విజయవాడ బృందం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన బృందంలో జరిగిన పనుల వివరం ఇది. హార్త్‌స్టోన్ అంటే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఇద్దరు ఎదురెదురుగా ఆడే కార్డుల ఆట. ఈ ఏడాది పోటీలు తగ్గాయి, చర్చలు పెరిగాయి. కొందరికి ఇది నచ్చలేదని తెలుసు. పోటీలు ఇంకా పెట్టాలని అడిగినవాళ్ల మాట కార్యవర్గం రాసుకుంది. కానీ కార్యదర్శిగా నా అభిప్రాయం నేను చెప్పాలి. ఈ ఏడాది మనవాళ్ల ఆట మెరుగుపడిందంటే అది చర్చల వల్లే.

వేసవిలో మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మొగల్రాజపురంలోని సభ్యుడి ఇంటి మేడ మీద, పొద్దువాలాకే కూర్చున్నాం. మంచినీళ్ల దగ్గర్నుంచి ఛార్జర్ల దాకా ఆ ఇంటివాళ్లే చూసుకున్నారు. ఆ అమ్మగారికి ఈ ఆటలో ఒక్క కార్డు పేరు కూడా తెలియదు. అయినా ప్రతిసారీ ఎవరు గెలిచారని అడిగేవారు. ఆ కుటుంబానికి బృందం తరఫున కృతజ్ఞతలు.

మేలో ఒక పద్ధతి మొదలుపెట్టాం. ఆడటానికి ముందు ఒక గంట, ఎవరో ఒకరు తాము ఓడిపోయిన ఆటను అందరి ముందు పెట్టాలి. కంప్యూటర్‌లో ఆడేవాళ్లు డెక్ ట్రాకర్‌లో (ఆడిన ఆటను దాచిపెట్టే ప్రోగ్రాంలో) దాచినది చూపిస్తారు, ఫోన్‌లో ఆడేవాళ్లు స్క్రీన్ రికార్డింగ్ తెస్తారు. గెలిచిన ఆటలు తేవద్దన్నాం. గెలిచినప్పుడు మనం చేసిన పిచ్చి పనులన్నీ కప్పబడిపోతాయి. ఓడినప్పుడేమో ‘కార్డులు రాలేదు అన్నా’ అనేసి లేచిపోతాం. నిజంగా కార్డులే రాలేదా, వచ్చినవి సరిగా వాడుకోలేదా అన్నది నలుగురూ చూస్తేనే తేలుతుంది.

అందులో ఒక ఆట ఇక్కడ రాయాలి. మనలో మనం వైల్డ్ ఫార్మాట్‌లో, అంటే పాత కార్డులు కూడా వాడుకోగలిగే పద్ధతిలో ఆడుకున్న ఆట అది. ఇద్దరివీ నిదానంగా సాగే డెక్‌లు (ఆటకి ముందే పేర్చుకున్న కార్డుల కట్టలు). డెక్‌కి 30 కార్డులు, హీరోకి 30 హెల్త్, అది సున్నా అయితే ఓటమి అని అందరికీ తెలిసిందే. మొదట ఆడినతని హీరో మేజ్, అంటే మాంత్రికుడు. ఆట మధ్యలో రెండుసార్లు ఆర్కేన్ ఇంటెలెక్ట్ (రెండేసి కార్డులు లాగించే కార్డు) వేసి నాలుగు కార్డులు అదనంగా లాగాడు. చేతిలో కార్డులు ఎక్కువుంటే బలం ఎక్కువని మనందరం అనుకునేదే. చివరికి అతని డెక్ ఖాళీ అయ్యేసరికి హెల్త్ 10 ఉంది. రెండో ఆటగాడి డెక్‌లో ఇంకా 3 కార్డులు మిగిలాయి. డెక్ ఖాళీ అయ్యాక కార్డు లాగాల్సిన ప్రతిసారీ ఫటీగ్ దెబ్బ పడుతుంది. మొదట 1, తర్వాత 2, 3, 4. నాలుగో దెబ్బకి మొత్తం 10. రెండో ఆటగాడికి ఒక్క ఫటీగ్ దెబ్బ కూడా తగలకముందే మేజ్ పడిపోయాడు. అప్పటికీ అతని చేతిలో కార్డులున్నాయి.

ఈ ఒక్క ఆట మీద ఆ సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. రెండోవాడికి మొదట్లోనే 4 కార్డులు, మొదటివాడికి 3 ఇస్తారు. అంటే మామూలుగా అయితే రెండోవాడి డెక్కే ముందు ఖాళీ అవ్వాలి. మేజ్‌కి ఉన్న ఆ వెసులుబాటును తనే పాడుచేసుకున్నాడని ఒకరు లెక్క వేసి చూపించారు. రెండో ఆర్కేన్ ఇంటెలెక్ట్ వేయకపోయి ఉంటే తన డెక్ రెండు టర్నులు ఎక్కువ వచ్చేది. అప్పటికి ఎదుటి డెక్‌లో మిగిలేది ఒకే ఒక్క కార్డు. ‘అప్పుడు ఆ కార్డులు లాగకపోతే అసలు అంతవరకూ బతికేవాడా?’ అని ఇంకొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ టర్ను దగ్గరికి వెనక్కి వెళ్లి మళ్లీ చూశాం. మొదటిసారి లాగడం తప్పనిసరి, రెండోసారి అక్కర్లేదు అని చివరికి తేలింది. ఆ రోజు నుంచి మన కుర్రాళ్లు ఎదుటివాడి డెక్‌లో ఎన్ని కార్డులున్నాయో చూడకుండా కార్డులు లాగడం లేదు. నా దృష్టిలో ఈ ఏడాది మన బృందం చేసిన మంచి పని ఇదే.

ఏప్రిల్‌లో వీక్లీ క్వెస్ట్‌ల (వారంలో పూర్తి చేస్తే బహుమతి వచ్చే పనుల) గొడవ మన దగ్గర కూడా గట్టిగానే నడిచింది. అప్పటిదాకా వారానికి 5 ర్యాంక్డ్ గెలుపులు చాలు. ఆట తయారుచేసే కంపెనీ దాన్ని ఒక్కసారిగా 15 చేసింది. బహుమతి మాత్రం ఆ మేరకు పెరగలేదు. ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లు అభ్యంతరం చెప్పాక ఆ సంఖ్యను తగ్గించారు. మనలో చాలామంది ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు. ఆటోనగర్‌లో షిఫ్ట్ ముగించుకుని వచ్చేవాళ్లకి వారంలో 15 గెలుపులంటే ఆట కాస్తా పనైపోతుంది. అప్పుడు బృందంగా ఒక మాట అనుకున్నాం: క్వెస్ట్ పూర్తి కావడం కోసం నిద్ర మానుకుని ఎవరూ ఆడకూడదు. ఇది రూల్ కాదు, ఒకరికొకరం గుర్తు చేసుకునే మాట. ఇప్పటికీ పనికొస్తోంది.

అదే నెలలో డ్యూయెల్స్ మోడ్‌ను ఆటలోంచి తీసేశారు. మనలో దాన్ని ప్రాణంగా ఆడినవాళ్లు కొద్దిమందే. కానీ ఏడాది పొడవునా మనల్ని వదలని చర్చ అక్కడే మొదలైంది. ఇన్నేళ్లు పోగుచేసిన ఈ కార్డులు ఎవరివి? చైనాలో 2023 జనవరిలో అక్కడి కంపెనీతో ఒప్పందం ముగియగానే ఆట మొత్తం ఆగిపోయింది. మళ్లీ వచ్చింది 2024 సెప్టెంబరులో. వాల్వ్ కంపెనీ 2018లో తెచ్చిన ఆర్టిఫాక్ట్ అనే కార్డుల ఆట మీద పని మూడేళ్లు తిరక్కుండానే ఆపేశారు. 2025 జనవరిలో అమెరికాలో టిక్‌టాక్‌తో పాటు మార్వెల్ స్నాప్ అనే కార్డుల ఆట కూడా కొద్దిరోజులు ఆగింది. ఆ కంపెనీలు మంచివా చెడ్డవా అన్నది వేరే సంగతి. మీట నొక్కేది మనం కాదు అన్నది మాత్రం ఖాయం.

ఈ చర్చ సగంలో ఉండగానే వరద వచ్చింది.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయిన సంగతి ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చింది. ఆ వైపు ఉండే మన సభ్యులు రోజుల తరబడి కరెంటు, ఫోను లేకుండా మేడల మీదే ఉన్నారు. ఆ నెలంతా మన సమావేశాలు లేవు. మామూలు రోజుల్లో డెక్‌ల గురించి మాట్లాడుకునే వాట్సాప్ గ్రూపులో ఆ వారం ఎవరెక్కడ ఉన్నారు, ఎవరికి పాలు కావాలి, ఎవరి ఇంట్లో పెద్దవాళ్లకి మందులు అయిపోయాయి అన్నవే నడిచాయి. పటమట, బెంజ్ సర్కిల్ వైపు ఉన్నవాళ్లు పవర్ బ్యాంకులు నిండా ఛార్జి చేసి, భోజనం పొట్లాలతో పాటు పడవలున్న చోటికి చేర్చారు. గుంటూరు సభ్యులు బట్టలు, దుప్పట్లు పంపారు. వీళ్లంతా తమ పేర్లు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఈ నివేదికలో ఇంకేది మరచినా ఇది మరవకూడదు.

నీళ్లు తీశాక సింగ్‌నగర్‌లోని ఒక సభ్యుడి ఇంటికి శుభ్రం చేయడానికి కొందరం వెళ్లాం. గోడల మీద నడుము ఎత్తున బురద గీత. అతని ఫోన్ నీళ్లలో పోయింది. మంచం కింద రేకు పెట్టెలో చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులున్నాయి. అవి ఒకదానికొకటి అతుక్కుని గట్టి ముద్దయిపోయాయి. విడదీద్దామని చూస్తే బొమ్మ ఒక కార్డుకి, అట్ట ఒక కార్డుకి వచ్చాయి. ఆ తర్వాత వాళ్ల అన్నయ్య పాత ఫోన్ ఇస్తే అందులో లాగిన్ అయ్యాడు. హార్త్‌స్టోన్ కార్డులన్నీ ఒక్కటి కూడా పోకుండా అలాగే ఉన్నాయి. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అక్టోబరులో, దసరా అయ్యాక కూర్చున్నప్పుడు ఈ విషయమే వచ్చింది. సర్వర్‌లో ఉన్నవే భద్రమని కొందరన్నారు. వరదలో పోయినవి కనీసం తన చేతుల్లో పోయాయి, డ్యూయెల్స్ ఎవరి చేతుల్లో పోయిందో కూడా తెలియదని ఆ సభ్యుడే అన్నాడు. ఏకాభిప్రాయం రాలేదు, రావాలని కూడా పట్టుపట్టలేదు. అయితే ఆ చర్చలోంచి ఒక పని పుట్టింది. మనకి ఇష్టమైన ఆటలు, డెక్‌లు, వాటి వెనక ఆలోచన కాగితం మీద రాసి ఒక ఫైల్‌లో పెడుతున్నాం. ఆ ఫటీగ్ ఆట అందులో మొదటి పేజీ. ఆట ఉన్నా లేకపోయినా, ఎలా ఆలోచించాలో నేర్చుకున్నది అందులో ఉంటుంది. ప్రతి ఒక్కరూ ఒక పేజీ అయినా రాయాలని నా మనవి.

డబ్బు విషయం. చాలామంది తల్లిదండ్రులు మనల్ని అడిగింది ఒక్కటే: ‘ఇది కూడా రమ్మీ లాంటిదేనా బాబూ?’ 2020 సెప్టెంబరులో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ పందేల మీద నిషేధం తెచ్చింది. ఆ ఆటల్లో నాశనమైన ఇళ్లు చూసినవాళ్ల భయాన్ని తీసిపారేయకూడదు. మన జవాబు ఇది: మ్యాచ్‌లో పందెం లేదు, ఓడితే డబ్బు పోదు, గెలిస్తే రాదు. కార్డుల్ని డబ్బుకి అమ్ముకునే దారి కూడా ఆటలో లేదు. కానీ ప్యాక్‌లు కొనే చోట జాగ్రత్త కావాలి. ఇది దాచకుండా చెప్పాలి. ప్యాక్‌లో 5 కార్డులుంటాయి. ఏవి వస్తాయో తెలియదు. లెజెండరీ, అంటే అన్నిటికన్నా అరుదైన కార్డు, సగటున 20 ప్యాక్‌లకి ఒకటి వస్తుంది, 40 ప్యాక్‌లలోపు తప్పకుండా వస్తుంది. అది మనకి కావలసిన లెజెండరీయే కావాలని లేదు. వద్దనుకుని కరిగిస్తే 400 డస్ట్ (కార్డులు చేసుకోవడానికి వాడే పొడి) వస్తుంది, కావలసింది చేసుకోవాలంటే 1600 కావాలి. అంటే నాలుగు వదిలితే ఒకటి. బెల్జియంలో 2018లోనే ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే ఇలాంటి పెట్టెల్ని (లూట్ బాక్సుల్ని) జూదం కిందే లెక్కగట్టారు.

ఒక సభ్యుడి తమ్ముడు ఇంట్లో చెప్పకుండా నాన్నగారి యూపీఐ నుంచి ప్యాక్‌లు కొన్న సంగతి తెలిశాక ఈ చర్చ వాయిదా వేయలేకపోయాం. జనవరి సమావేశంలో తీర్మానం చేశాం. మన పోటీలకు ప్రవేశ రుసుము ఉండదు, నగదు బహుమతి ఉండదు. సమావేశంలో ప్యాక్‌లు కొని తెరవడం ఉండదు. 18 ఏళ్ల లోపు పిల్లలు చేరాలంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి వచ్చి మాట్లాడాలి. ఉచితంగా వచ్చే కోర్ సెట్‌తో ఎంతదూరం వెళ్లవచ్చో కొత్తవాళ్లకి చూపించే బాధ్యత ఇద్దరు సీనియర్లు తీసుకున్నారు. ఈ తీర్మానం మీద ఒక్కరు కూడా వ్యతిరేకంగా చెయ్యెత్తలేదు. కార్యదర్శిగా ఇది నాకు చాలా సంతోషం.

అక్టోబరు 30న పోకెమాన్ టీసీజీ పాకెట్ వచ్చాక మనలో కొందరు అటు మళ్లారు. 20 కార్డుల డెక్, మూడు పాయింట్లకే ఆట అయిపోతుంది, బస్సులో వెళ్తూ ఆడుకోవచ్చు. వాళ్లు మన బృందాన్ని వదిలేస్తారేమోనని కొందరు టెన్షన్ పడ్డారు. వదల్లేదు. ఓడిన ఆటల గంటలో ఇప్పుడు ఆ ఆటలు కూడా వస్తున్నాయి, రానివ్వాలి.

అమ్మాయిలు మన సమావేశాలకు తక్కువ వస్తున్నారు. సాయంత్రం పొద్దుపోయాక ముగియడమే ప్రధాన కారణమని వాళ్లు చెప్పారు. ఫిబ్రవరి నుంచి ఆదివారం ఉదయానికి మార్చాం. వచ్చేవాళ్లు పెరిగారు. ఉదయాన్నే లేవాలని సణిగినవాళ్లు అలవాటు పడాలి.

జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా పంపారు. అనుమానం ఉంటే నేరుగా ఆయన్నే అడగండి. వరద సమయంలో ఖర్చు పెట్టింది సభ్యులు విడిగా వేసుకున్న డబ్బే, బృందం నిధిలోంచి తీయలేదు.

మార్చి 25న కొత్త సెట్ ఇన్‌టు ది ఎమరాల్డ్ డ్రీమ్ వచ్చింది. దాంతో 2023 సెట్లు మూడూ స్టాండర్డ్ (ఇటీవలి సెట్లతోనే ఆడే ఫార్మాట్) దాటి వైల్డ్‌కి వెళ్లిపోయాయి. కొత్త కార్డుల మోజులో పాతవన్నీ ఒక్కరోజులో డస్ట్ చేసేయకండి. వైల్డ్‌లో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ఏవి ఉంచుకోవాలో ఏప్రిల్ మొదటి ఆదివారం అందరం కలిసి చూద్దాం. గుంటూరు నుంచి పొద్దున్నే రైల్లో వచ్చేవాళ్లు ఆ రోజు భోజనానికి ఉంటారో లేదో ముందే చెబితే మేడ ఇంటివాళ్లకి ఇబ్బంది ఉండదు. ఫైల్‌కి పేజీలు రాసినవాళ్లు అదే రోజు తెచ్చి ఇవ్వండి.