‘గ్యాస్’ అనే ఒక్క మాట చాటున

సంపాదకులకు,

అయ్యా,

నిద్ర లేవగానే వికారం, కాసేపటికే పొట్ట ఉబ్బరం వస్తుంటే మనం దానికి పెట్టుకునే పేరు ‘గ్యాస్’. నేనూ ఎనిమిది నెలల పాటు ఆ మాటతోనే సరిపెట్టుకుని, ఎవరినీ అడగకుండా రోజూ పరగడుపున ఆమ్లాన్ని తగ్గించే మాత్ర వేసుకున్నాను. వేసుకున్నన్నాళ్లు కొంత నెమ్మదించేది, మానిన నాలుగు రోజులకే తిరగబెట్టేది. ఇలాంటి మాత్రలను చాలాకాలం వాడి ఒక్కసారిగా మానితే కడుపులో ఆమ్లం కొన్నాళ్లు మునుపటికంటే ఎక్కువగా ఊరవచ్చని, దాన్నే జబ్బు ముదిరిందనుకుని మనం మళ్లీ మాత్ర అందుకుంటామని నాకు అప్పటికి తెలియదు.

మధ్యలో ఒకచోట శ్వాస పరీక్ష చేయించుకుంటే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా లేదని వచ్చింది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి ఆమ్లాన్ని తగ్గించే మందులను కనీసం 2 వారాల ముందు, యాంటీబయాటిక్‌లను 4 వారాల ముందు ఆపకపోతే కడుపులో ఉన్న బ్యాక్టీరియా కూడా ఆ పరీక్షకు దొరకకపోవచ్చన్న ముఖ్యమైన సంగతి అక్కడ నాకెవరూ చెప్పలేదు, నేను వేసుకుంటున్న మాత్రల గురించి అడగనూ లేదు. తర్వాత మరో వైద్యురాలు ఆ మాత్ర ఆపించి మళ్లీ పరీక్ష చేయించాక ఆ బ్యాక్టీరియా ఉందన్న అసలు విషయం బయటపడింది. ఈ బ్యాక్టీరియాను, కడుపు పుండ్లలో దాని పాత్రను కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లోనే నోబెల్ బహుమతి వచ్చింది. 14 రోజుల చికిత్సతో నా వికారం తగ్గింది, ఉబ్బరం మాత్రం పూర్తిగా పోలేదు.

అందరికీ కారణం ఇదే కాదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు వికారం కలిగించవచ్చు. చాలాకాలంగా మధుమేహం ఉన్న కొందరిలో జీర్ణాశయం ఎంత మందగిస్తుందంటే, రాత్రి తిన్నది తెల్లవారినా పూర్తిగా కిందికి దిగదు. పాలలోని చక్కెర అరగకపోవడం, మలబద్ధకం, గర్భధారణ కూడా చూసుకోవలసినవే. పరీక్షలన్నీ బాగానే ఉన్నా బాధ తగ్గనివారూ ఉన్నారు. వారిని ‘మీకేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే జీర్ణాశయపు కదలికలోనో, అక్కడి నరాలు మెదడుకు చేరవేసే సంకేతాలలోనో తేడా వల్ల వచ్చే ఈ స్థితికి ఫంక్షనల్ డిస్పెప్సియా అనే పేరూ, చికిత్సా రెండూ ఉన్నాయి.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ముఖ్యంగా 50 ఏళ్లు దాటాక కొత్తగా ఉబ్బరం మొదలై దాదాపు రోజూ ఉంటున్నా, కొంచెం తినగానే కడుపు నిండిపోతున్నా, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వస్తున్నా, అండాశయ క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి. చాలామందిలో అది క్యాన్సర్ కాదు, అయినా సిఎ-125 రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ గురించి వైద్యులను అడగడానికి మొహమాటపడకూడదు. బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగడం కష్టం కావడం, రక్తహీనత వంటివి ఉంటే ఎవరైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీ ఆరోగ్య పేజీలో గ్యాస్ గురించి చిట్కాలు తరచుగా వస్తుంటాయి. వాటి పక్కనే ఈ ప్రమాద సంకేతాలను, పరీక్షకు ముందు ఏ మందు ఎన్నాళ్లు ఆపాలో, వైద్యుల సలహా లేకుండా ఎవరు ఆపకూడదో కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వికారం ఏ వేళకు వస్తోంది, ముందురాత్రి ఏం తిన్నాం, ఏ మాత్ర వేసుకున్నాం అని రెండు వారాలు రాసుకోవడానికి వీలుగా ఒక చిన్న పట్టిక కూడా ఇస్తే, పాఠకులు దాన్ని కత్తిరించుకుని వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు