మొటిమల మందు పని చేసేదాకా పిల్లల పక్కన నిలబడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎండాకాలం సెలవులు అయిపోవస్తున్నాయి, జూన్‌లో మళ్ళీ బళ్ళు తెరుస్తారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది క్లాసులు చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఇప్పుడొక బాధ ఉంటుంది, బయటికి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. మొగం మీద మొటిమలు. మీ పేపర్లో పరీక్షల టెన్షన్ గురించి రాస్తారు, సెల్‌ఫోన్ల గురించి రాస్తారు, మంచిదే, కానీ మొటిమల మాట వస్తే మాత్రం ఆడవాళ్ళ పేజీలో అందం చిట్కాల కింద వేసేస్తారు, నిమ్మరసం పూయండి, ముల్తానీ మట్టి పట్టించండి అని. ఇది అందం సంగతి కాదండీ, చర్మానికి వచ్చే జబ్బు, దానికి సరైన మందులున్నాయి. మాకు 14 ఏళ్ళ కొడుకు ఉన్నాడు, పోయినేడాది నుంచి ట్రీట్‌మెంట్ నడుస్తా ఉంది, అందులో తెలిసిన సంగతులు నాలుగు చెప్దామని రాస్తున్నా, కొంచెం పెద్దదైనా వేయండి.

ముందు జనాల మాటల గురించి. మగపిల్లోడికి మొటిమలొస్తే "మగోడికి మొగంతో ఏం పని, మీసాలొస్తే అవే పోతాయిలే" అంటారు, అని ఊరుకున్నా బాగుండు, పెళ్ళిళ్ళలో కనపడిన ప్రతి ఒక్కరూ గడ్డం పట్టుకుని మొగం ఎత్తి మరీ చూస్తారు. "ఏమబ్బీ, మొగమంతా ఇట్లయిపాయె, చెనిక్కాయలు శానా తింటాండావా ఏం, ఉడుకు చేసింటుంది." ఒకరు మజ్జిగ తాగమంటారు, ఒకరు సబ్బు మార్చమంటారు, ఇంకొకరు టూత్‌పేస్ట్ పెట్టమంటారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అందరూ ప్రేమతోనే చెప్తారు, కానీ అదే మాట పది మంది దగ్గర విన్న పిల్లోడికి ఎట్లుంటుంది? మావాడు గ్రూప్ ఫోటోకి రారా అని పిలిస్తే, బండి తాళం చెవి మర్చిపోయా తెస్తానని పోయినోడు ఫోటో అయిపోయి అందరూ భోజనాలకి కూర్చున్నాకే వచ్చినాడు. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి క్రికెట్‌కి పోవడం తగ్గించేసినాడు. కరోనా పోయి ఇన్నేళ్ళయినా మాస్కు వేసుకుని ట్యూషన్‌కి పోతుంటే అప్పుడు నాకు అర్థమైంది, ఇది మొగం దగ్గర ఆగలేదు అని.

అసలు ఈ ఉడుకు చేయడం, చెనిక్కాయలు, మొగం కడుక్కోకపోవడం వీటి మీద వేసే నింద పిల్లల మీద నుంచి తీసేయాలి. ఈ వయసులో ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి, వాటితో చర్మం లోపల ఉండే నూనె గ్రంథులు పెద్దవై జిడ్డు ఎక్కువ తయారు చేస్తాయి, ఆ జిడ్డూ రాలిపోవాల్సిన చచ్చిన చర్మమూ కలిసి వెంట్రుక కుదురులో అడ్డం పడతాయి, లోపల మామూలుగా మన చర్మం మీదే బతికే బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది, చీము పడుతుంది. ఇంతే సంగతి. మురికి వల్ల కాదు, కాబట్టి రోజుకి ఏడెనిమిది సార్లు సబ్బుతో రుద్ది కడిగితే తగ్గదు, చర్మం ఎండిపోయి మంట ఎక్కువవుతుంది. మైల్డ్ ఫేస్‌వాష్‌తో రెండు పూటలా, ఆడుకుని చెమట పట్టి వచ్చినప్పుడు ఇంకోసారి, చాలు. తిండి సంగతికొస్తే కూల్‌డ్రింకులు, చాక్లెట్లు, బేకరీ ఐటమ్స్ లాంటి తీపి, మైదా సరుకు ఎక్కువైతే కొంతమందికి పెరుగుతాయని డాక్టర్లు చెప్తున్నారు, అవి తగ్గించడం ఎట్లైనా మంచిదే, కానీ ఉగ్గాని బజ్జి తిన్నందుకే వచ్చిందని పిల్లోడి ప్లేటు లాక్కునే పని లేదు. అమ్మకో నాయనకో చిన్నప్పుడు ఎక్కువ వచ్చింటే పిల్లలకి కూడా వచ్చే అవకాశం ఎక్కువ, అది ఎవరి తప్పు?

ఒక్క కొబ్బరినూనె విషయంలో మాత్రం మా ఇంట్లో అవ్వతో కొంచెం మాట్లాడాల్సి వచ్చింది. రాత్రి తలకి దండిగా నూనె పెట్టి పడుకోబెడితే అది కారి నుదుటి మీదకి, దిండు మీదకి వస్తుంది, నుదుటి మీద వెంట్రుకల అంచునే వరసగా చిన్న చిన్న పొక్కులు రావడానికి అదొక కారణం. అవ్వ బాధపడింది, నా నూనె వల్లనా అని. నూనె మానద్దు అవ్వా, తలస్నానానికి ముందు ఒక గంట పెట్టు, నుదుటికి తగలకుండా పెట్టు అని చెప్పినాం, ఆమె ఇప్పుడు అట్లనే చేస్తా ఉంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మా వీధిలో తొమ్మిదో క్లాసు చదివే అమ్మాయి ఉంది. మొటిమలకి క్రీమ్ ఇవ్వమని ఇంట్లోవాళ్ళు ఒక మెడికల్ షాపులో అడిగితే చీటీ ఏదీ అడక్కుండా ఒక ట్యూబు ఇచ్చినారు. వారం పది రోజుల్లో మొగం తెల్లగా నున్నగా అయిపోయింది, అందరూ ఆ క్రీమ్ పేరేంది అని అడగడం, ఇంకో ఇద్దరు కొనుక్కోవడం కూడా అయ్యింది. కొన్ని నెలలు పూసి ఆపేసరికి మొగం ఎర్రగా కందిపోయి, ఎండలోకి పోతే మంట, ముందుకంటే ఎక్కువ మొటిమలు, చెంపల మీద సన్నగా వెంట్రుకలు. మళ్ళీ పూస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది, ఆ పిల్ల దానికి కట్టుబడిపోయింది. అందులో ఉన్నది స్టెరాయిడ్. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్ అనో, క్లోబెటసాల్ అనో, మొమెటాసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్ అని గుర్తుపట్టండి, వేరే జబ్బులకి డాక్టర్లు లెక్కగా కొన్ని రోజులకి రాసే మందు అది, మొటిమలకి కాదు, తెల్లబడటానికి అసలే కాదు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం శానా రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. రూల్ ఉంది, షాపులో మాత్రం దగ్గు మందు అడిగినంత ఈజీగా దొరుకుతా ఉంది. మెడికల్ షాపుల వాళ్ళకి నాది ఒక్కటే మనవి, మీకూ ఆ వయసు పిల్లలు ఉంటారు, చీటీ లేకుండా వచ్చిన పిల్లకి ఆ ట్యూబు ఇవ్వద్దండి, స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి అని ఒక్క మాట చెప్పి పంపండి, మీ వ్యాపారానికి వచ్చే నష్టం ఏమంత ఉండదు.

మేము స్కిన్ డాక్టర్ దగ్గరికి పోయినాం. ఆయన రాసింది ఏమంత పెద్ద మందులు కావు, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్, రాత్రికి అడాపలీన్ 0.1 శాతం జెల్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్. కానీ ఎట్ల పూయాలో తెలియకపోతే మంచి మందు కూడా పని చేయదని అప్పుడే తెలిసింది. రాత్రి మొగం కడిగి, మెత్తగా అద్దుకుని, బాగా ఆరినాక, ఒక బఠాణీ గింజంత జెల్ వేలి మీద తీసుకుని నుదురు, రెండు చెంపలు, గడ్డం మీద చుక్కలు పెట్టి మొత్తం మొగానికి పలచగా రాయాలి, కళ్ళ దగ్గర, ముక్కు మూలల్లో, పెదాల చివర్లలో వద్దు. మావాడు మొదట లేచిన మొటిమ మీద మాత్రమే దట్టంగా పెట్టేవాడు, ఎక్కువ పెడితే తొందరగా పోతుందని. డాక్టర్ చెప్పింది ఏమంటే ఈ మందు ఇప్పుడున్న మొటిమ కోసం కాదు, రాబోయే మొటిమల్ని ఆపేదాని కోసం, అందుకే మొగమంతా రాయాలి అని. మొదట్లో రోజు మార్చి రోజు పూసి చర్మం అలవాటయ్యాక రోజూ చేసినాం.

మొదటి రెండు మూడు వారాలు కష్టం. మొగం ఎండిపోయి ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, చుర్రుమంటుంది, మొటిమలు తగ్గకపోగా కొంచెం ఎక్కువైనట్టు కూడా కనిపిస్తాయి. సగం మంది పిల్లలు ఇక్కడే మానేస్తారేమో అని నాకు అనిపిస్తుంది. "ఇది పూసినప్పట్నుంచే ఎక్కువైనాయి మా, నేను పూయను" అని మావాడు ట్యూబు తీసి కిటికీలో పడేసినాడు. అప్పుడు వాళ్ళ నాయన కూర్చోబెట్టి చెప్పినాడు, చెనిక్కాయ విత్తనం వేసి తెల్లారే పీకి చూస్తామా రా, దీనికి కనీసం రెండు మూడు నెలలు అని డాక్టర్ చెప్పలేదా అని. మంట ఎక్కువున్న రోజు ఆపి మాయిశ్చరైజర్ రాసుకోమన్నాం, మళ్ళీ మొదలుపెట్టినాడు. అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో నెలకొక ఫోటో తీసుకోరా, నీ ఫోన్‌లోనే పెట్టుకో, మాకు చూపించొద్దు అన్నాం. రోజూ అద్దంలో చూసుకునేవాళ్ళకి మార్పు తెలియదు, ఫోటో పక్కన ఫోటో పెడితే తెలుస్తుంది. మూడో ఫోటో వాడే తెచ్చి చూపించినాడు.

ఇంకో సంగతి, ఈ బెంజాయిల్ పెరాక్సైడ్ గుడ్డల రంగు లాగేస్తుంది. మావాడి నేవీ బ్లూ టీషర్ట్ మెడ దగ్గర, టవల్ మీద నారింజ రంగు మచ్చలు పడితే అందరం బ్లీచింగ్ పౌడర్ ఎక్కడ తగిలిందా అని వెతికినాం. తెల్ల టవల్, తెల్ల దిండు కవర్ ఇచ్చేస్తే గొడవ లేదు. పిల్లల్ని తిట్టేముందు ఇది తెలుసుకుంటే మంచిది.

సన్‌స్క్రీన్ అంటే మా బంధువులు నవ్వినారు, మగపిల్లోడికి క్రీములేంది అని. మన అనంతపురం ఎండ సంగతి తెలిసిందే కదా, రాత్రి పూసే ఆ జెల్ వల్ల చర్మం ఎండకి తొందరగా కందుతుంది, మొటిమ మచ్చలు ఎండకి ఇంకా నల్లబడతాయి. జెల్ లాగా ఉండేది, నాన్ కమెడోజెనిక్ (అంటే చర్మం రంధ్రాలు మూసేయనిది) అని రాసి ఉండేది, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే నంబర్) 30 అయినా ఉండేది చూసుకోండి, గ్రౌండ్‌కి పోయేముందు రాసుకుని టోపీ పెట్టుకుంటే సరి.

కొంతమందికి పూతమందు చాలదు, డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు రాస్తారు. అవి గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, గొంతు కింద గొట్టంలో ఇరుక్కుంటే పుండు పడుతుంది. లోతుగా గడ్డల్లాగా వచ్చి గుంటలు పడే రకానికి ఐసోట్రెటినాయిన్ ఇస్తారు, బాగా పని చేసే మందే కానీ రక్త పరీక్షలు చేయిస్తా డాక్టర్ కనిపెట్టుకుని ఉండి ఇవ్వాల్సింది, పెదాలు బాగా ఎండిపోతాయి, గర్భంలో బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి కాబట్టి ఆడవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. పక్కింటి వాళ్ళ చీటీ చూపించి ఇది మాత్రం తెచ్చుకోకండి. ఆడపిల్లలకి మొటిమలతో పాటు నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం ఉంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఏమన్నా ఉందేమో చూస్తారు.

గిల్లద్దు అని రోజుకి ఇరవై సార్లు అరవడం కంటే గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉంచడం నయం. గిల్లితే చీము లోపలికి పోయి గుంట పడుతుంది, ఆ గుంట పోగొట్టడం మొటిమ తగ్గించడం కంటే కష్టం, ఖర్చు. మందు రాసుకున్నావా అని కూడా మేము రోజుకి ఒక్కసారే అడుగుతాం, బ్రష్ చేశాక, అందరి ముందర కాదు. మిగతా టైమంతా వాడి మొగం గురించి ఇంట్లో మాటే లేదు. వచ్చిన చుట్టాలకి కూడా ముందే ఫోన్లో చెప్పేస్తున్నా, వాడి మొగం గురించి ఏమీ అనద్దు అక్కా, డాక్టర్ చూస్తున్నాడు అని. కొందరు ముడుచుకుంటారు, ఫర్వాలేదు.

పిల్లలు తిండి మానేయడం, బడికి పోనని మొండికేయడం, రూములోంచి బయటికి రాకపోవడం, బతకడం ఎందుకు లాంటి మాటలు మాట్లాడటం చేస్తుంటే మొటిమలకే ఇంతనా అని కొట్టిపారేయద్దండి. స్కిన్ డాక్టర్‌కి ఆ మాట కూడా చెప్పండి, మనసు బాగలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడేదానికి ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఏ టైములో అయినా ఉచితంగా మాట్లాడచ్చు.

టీచర్లకి కూడా ఒక మాట. క్లాసులో "ఏంరా మొగం కడుక్కోలేదా" అన్నది మీకు చిన్న మాటే, వెనక బెంచీలో ఆ పేరు ఏడాదంతా ఉంటుంది. పిల్లలు పెట్టే పేర్లు మీ చెవిన పడితే అక్కడికక్కడే ఆపండి.

డబ్బులు పెట్టి ప్రైవేటుకి పోలేనివాళ్ళకి మన పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో కూడా ఉంది, కానీ మొటిమలకి అక్కడికి పోవచ్చని శానా మందికి తెలియదు, కుష్టుకి, గజ్జికి మాత్రమే అనుకుంటారు. అందుకే మిమ్మల్ని అడిగేది ఏమంటే, బళ్ళు తెరిచేలోపు ఈ మూడు ఆసుపత్రుల స్కిన్ డాక్టర్లలో ఒకరితో జిల్లా పేజీలో ఒక ప్రశ్నలు జవాబులు లాంటిది వేయండి, స్టెరాయిడ్ ట్యూబుల గురించి మొదటి ప్రశ్న అడగండి. ఓపీ ఏ రోజుల్లో, ఎన్ని గంటల దాకా, ఏ గదిలో అనేది కూడా పక్కన ఒక బాక్సులో వేస్తే, ఉరవకొండ నుంచో కళ్యాణదుర్గం నుంచో పిల్లని తీసుకుని బస్సులో వచ్చే అమ్మకి ఒక రోజు కూలి వృథా కాకుండా ఉంటుంది.

ఇట్లు,
ఒక తల్లి, అనంతపురం