కొత్త కారు కొన్న చిన్నాకి

నాన్నా చిన్నా,

కారు ఫొటోలు చూశాం, చాలా బాగుంది. సంక్రాంతికి విజయవాడ హైవే మీద నువ్వే నడుపుకుంటూ వస్తానన్నావు. ఫోన్లో చెప్పబోతే సగంలోనే "సరేలే అమ్మా" అంటావని ఇది రాస్తున్నాను.

మందు, స్పీడు గురించి నీకు చెప్పక్కర్లేదు. వెనక సీట్లో వాళ్ళకీ బెల్టు తప్పనిసరి, లేకపోతే చట్టప్రకారం 1000 రూపాయల ఫైన్. అత్తయ్య ఎంత విసుక్కున్నా పెట్టించు.

అసలు విషయం వేరే. అలాంటి రోజు రాకూడదు, కానీ ఎప్పుడైనా నీ బండి ఎవరికైనా తగిలితే, తప్పు ఎవరిదైనా సరే, ఆగు. క్యాజువాల్టీలో ఏళ్ళ తరబడి డ్యూటీ చేసినదాన్ని. గుద్దినవాడు ఆగకుండా పోతే, ఇంకెవరో చూసి తీసుకొచ్చేసరికి రక్తమంతా పోయేది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేవాళ్ళే అని తెలిసి, ఆ ఇంటివాళ్ళ ముఖం చూడలేకపోయేవాళ్ళం. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆగగానే నాలుగు ఇండికేటర్లూ వేసి 108కో 112కో ఫోన్ చెయ్యి. నేషనల్ హైవే అయితే 1033 కూడా ఉంది. ఏ ఊరు దాటావో, కిలోమీటరు రాయి మీద ఏముందో చెప్పు. రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకో. చుట్టూ చేరినవాళ్ళు ముందు నీళ్ళు తాగించబోతారు. వద్దను. స్పృహ సరిగా లేనివాళ్ళకి ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేపి కూర్చోబెట్టనివ్వకు, మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే కదపడమే ప్రమాదం. బండికి మంటలంటుకుంటే మాత్రం ఎలాగైనా లాగెయ్యాలి.

జనం కొడతారని భయం వేస్తుంది, నిజమే. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడడం డ్రైవర్ బాధ్యత అంటూనే, జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప అనీ అంటుంది. అలాంటప్పుడు నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి జరిగింది చెప్పు, అక్కడినుంచే 108కి ఫోన్ చెయ్యి. పోలీసులకి చెప్పడానికి గరిష్ఠంగా 24 గంటలే గడువు. ఇన్సూరెన్స్ కంపెనీకీ రాతపూర్వకంగా తెలియజెయ్యాలి.

"కేసెందుకు, మనలో మనం చూసుకుందాం" అని ఎవరో ఒకరు మధ్యలోకి వస్తారు. ఒప్పుకోకు. పోలీస్ రికార్డు లేకపోతే రేపు గాయపడిన ఆ మనిషికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి పరిహారం రావడం కష్టమవుతుంది. నీ మీదా ఎప్పుడైనా ఏదైనా ఆరోపణ రావచ్చు. బండ్లు పక్కకి తీసేముందే ఫొటోలు తీసి పెట్టుకో.

ఇంకెవరికో యాక్సిడెంట్ అయ్యి నువ్వు ఆ దారిన వెళ్తున్నా ఆగు నాన్నా. సాయం చేసినవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019 సవరణతో అది 134ఎ సెక్షన్‌గా చట్టంలోకి వచ్చింది. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. డబ్బు ఎవరు కడతారన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, 2025 మే నుంచి కేంద్రం పథకం కింద క్షతగాత్రులకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండానే వైద్యం చేస్తున్నారు.

కారుతో ఇచ్చిన ఫస్ట్ ఎయిడ్ డబ్బా డిక్కీలో అడుగున పడెయ్యకుండా సీటు కింద పెట్టు. దూది, గాజు గుడ్డ ఇంకొంచెం కొని అందులో ఉంచు.

అమ్మ