రాత్రి ఒంటిగంట, ఒంగోలులో నాలుగున్నర

ఒంగోలులోని మన సంఘంలో అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ముందు మీరంతా అడుగుతున్న సంగతి చెప్పేస్తాను. మావారు బాగున్నారు. మొన్న సోమవారం నుంచి మళ్లీ ఆసుపత్రి బోరు పంపు దగ్గరికీ, సోలార్ బ్యాటరీల గదికీ వెళ్లి వస్తున్నారు. తొమ్మిది కిలోలు తగ్గారు, ప్యాంట్లు నిలవడం లేదు. ఆకలి మాత్రం తిరిగొచ్చింది. నిన్న రాత్రి న్సిమా రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. (న్సిమా అంటే మొక్కజొన్న పిండి ముద్ద. మన రాగి సంకటికి తెల్ల చెల్లెలు అనుకోండి. మేం దాన్ని ఆవకాయతో తింటుంటే ఇక్కడివాళ్లు వింతగా చూస్తారు.)

మేం ఆఫ్రికాలోని మలావి దేశంలో, దక్షిణ భాగాన ఒక మిషన్ ఆసుపత్రిలో నాలుగేళ్లుగా ఉన్నామని చాలామందికి తెలుసు. నేను పిల్లల వార్డులో నర్సుని. ఇక్కడ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. వానలతో దోమలు, దోమలతో మలేరియా. ఆ నెలల్లో ఒక్కో మంచం మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెడతాం, తల్లులు కింద చాపల మీద ఉంటారు. జ్వరంతో వచ్చిన బిడ్డ సాయంత్రానికి తేరుకుని ఆడుకోవడం చూశాను. సాయంత్రానికి చనిపోవడమూ చూశాను.

జనవరి మొదటి వారంలో ఆ జ్వరం మా ఇంటికే వచ్చింది. శుక్రవారం టెస్ట్ చేస్తే మలేరియా అని తేలింది. మాత్రలు వేసుకున్నారు, కడుపులో నిలవలేదు. ఆదివారం రాత్రికి మాట తేడా వచ్చింది. చనిపోయిన మా అత్తగారితో గేదె పలుపు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. షుగర్ పడిపోయింది. కాసేపటికి ఆ మాటలూ ఆగిపోయాయి. మలేరియా ముదిరితే ఆర్టిసునేట్ అనే మందు ఇంజెక్షన్ వెంటనే ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఇంకొకటి ఇస్తారు. వందల మంది పిల్లలకు నా చేత్తోనే ఇచ్చాను. ఆ రాత్రి మాత్రం మందు కలపడానికి నా చేతులు రాలేదు, తోటి నర్సు చేసింది.

అప్పుడు రాత్రి ఒంటిగంట. ఫోన్ తీసి మన స్త్రీల సమాజం గ్రూపులో రెండే ముక్కలు రాశాను. "ఆయనకు మలేరియా. స్పృహ లేదు." ప్రార్థన చేయండి అని కూడా రాయలేదు. ఇంటి దగ్గర అందరూ నిద్రలో ఉంటారనుకున్నాను. మనకూ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా అన్నది ఆ టెన్షన్‌లో తట్టలేదు. ఒంగోలులో అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. మన సంఘంలో అమ్మమ్మ అని అందరం పిలుచుకునే ఆవిడ రోజూ ఆ వేళకే లేచి మోకరిస్తుంది.

రెండు నిమిషాల్లో ఆవిడ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల ఎక్కడో గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తోంది. ఆ ఒక్క చప్పుడుకే నాకు ఏడుపొచ్చేసింది. అమ్మమ్మ ముందు ప్రార్థన మొదలుపెట్టలేదు, ప్రశ్నలడిగింది. "ఏం మందు ఇచ్చారమ్మా? మళ్లీ ఎప్పుడిస్తారు? మీ గడియారంలో ఎన్నింటికి, మా గడియారంలో ఎన్నింటికి? నువ్వు ఏమన్నా తిన్నావా?" నేను అన్నిటికీ జవాబు రాశాక, అప్పుడు ప్రార్థించింది. మందు పేరు నోరు తిరగక ఆర్తి సునీత అంది. నవ్వొచ్చింది. ఆ రాత్రి నవ్వానంటే నాకే నమ్మకం కలగదు.

తెల్లారేసరికి మీరంతా గంటలు పంచేసుకున్నారు. "ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నేను", "స్కూల్లో ఇంటర్వెల్ టైములో నేను", "పిల్లలకు బాక్సులు కట్టేశాక నేను". మూడో ఇంజెక్షన్ పడేదాకా ఒక్క గంట కూడా ఖాళీ లేకుండా ఎవరో ఒకరు మావారి పేరు పలుకుతూనే ఉన్నారు. నేను ఆ లిస్టు చూసుకుంటూ కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం నాకు ప్రార్థన రాలేదు. నిజంగానే ఒక్క మాట రాలేదు. నా వంతు కూడా మీరే చేశారు.

మంగళవారం ఉదయం ఆయన కళ్లు తెరిచి నీళ్లడిగారు.

ఇక్కడితో ఆపేస్తే మంచి సాక్ష్యం అవుతుంది. కానీ అదే వారం మా వార్డులో పిల్లలు పోయారు. చాప మీద కూర్చున్న ఒక తల్లి రాత్రంతా ఇక్కడి చిచెవా భాషలో ప్రార్థిస్తూనే ఉంది. నాకన్నా బాగా ప్రార్థించింది. ఆమె బిడ్డ బతకలేదు. మా ప్రార్థన నెగ్గింది, ఆమెది ఓడింది అని నేను రాయలేను, ఎవరైనా అలా చెబితే వినలేను కూడా. ఈ మాట అమ్మమ్మతో అన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, "ఆ తల్లి పేరేంటమ్మా?" అని అడిగింది. ఇప్పుడు ఆవిడ నాలుగున్నర ప్రార్థనలో ఆ పేరు కూడా ఉంది.

మీకు ఇంకో సంగతి ఒప్పుకోవాలి. రెండేళ్లుగా నేను ఇంటికి రాసిన ఉత్తరాలన్నిటిలో మంచి కబుర్లే ఉన్నాయి. కష్టం రాస్తే విశ్వాసం తగ్గిందనుకుంటారేమో అని భయం. వెనక్కి వచ్చేస్తామని పోయిన అక్టోబరులో ఉత్తరం రాసి పెట్టుకున్నాం కూడా, పంపలేదంతే. జనవరిలో స్పృహ లేదన్న రెండు ముక్కలు రాయబట్టే అసలు సంగతులు మీకు చెప్పడం అలవాటైంది. చెప్పాక తెలిసింది, మీరు వినడానికి ఎప్పటినుంచో సిద్ధంగానే ఉన్నారు.

పౌలు గారు రోమా సంఘానికి, తన కోసం ప్రార్థనలో తనతో కలిసి పోరాడమని రాశారు. సంతోషంతో వాళ్ల దగ్గరికి వెళ్లాలని ఆయన కోరిక. తీరా వెళ్లింది సంకెళ్లతో, మధ్యలో ఓడ కూడా పగిలింది. కానీ ఆ సహోదరులు అప్పీయా సంతపేట దాకా ఎదురొచ్చారు. (చిన్నప్పుడు ఇది మన ఒంగోలు సంతపేటే అనుకునేదాన్ని.) వాళ్లను చూసి ఆయన ధైర్యం తెచ్చుకున్నాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. పౌలుకే అలా మనుషులు కావాల్సి వచ్చిందని ఈ ఏడాదే గమనించాను.

మన ఒంగోలు ప్రార్థన కొండ కూడా ఈ మధ్య తరచూ గుర్తొస్తోంది. 1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూవెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు జూలియమ్మ, మరో ఇద్దరు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక సువార్త పనివాణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. అంతకు ముందటేడే ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ పనివాడిగా వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి సండే స్కూలులో అందరం బట్టీ పట్టాం. కొండ మీది ప్రార్థనకూ క్లౌ దొరగారి రాకకూ మధ్యలో గడిచిన 12 ఏళ్ల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. 1903లో మన తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల దగ్గరికి పంపారు. ఆయనకు ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే ఓడ రావాలి. నాకు రెండు నిమిషాలు పట్టింది.

వంట బియ్యంలోంచి పిడికెడు తీసి దాచి, అమ్మిన డబ్బు పంపిన అక్కలకు, ఉపవాసం ఉన్న పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, బ్లాంటైర్ పట్నం నుంచి బియ్యం, చారుపొడి కారులో వేసుకుని వచ్చిన తెలుగు కుటుంబానికి, రాత్రుళ్లు నా డ్యూటీ కూడా చేసిన ఇక్కడి నర్సులకు కృతజ్ఞతలు. ఇక్కడి మాటలో చెప్పాలంటే, జికొమో క్వాంబిరి.

అమ్మమ్మ వివరాలు లేకుండా ప్రార్థన చేయదు కాబట్టి ఈ వారానివి రాస్తున్నాను. పంపు మోటారు బేరింగ్ అరిగింది, కొత్తది రావాలి. వార్డులో ఇంకా మంచానికి ఇద్దరు ఉన్నారు. ఆ తల్లి వాళ్ల ఊరికి వెళ్లిపోయింది, వచ్చే శనివారం నేను చూడటానికి వెళ్తున్నాను. ఏం మాట్లాడాలో తెలియదు. ఉదయం తొమ్మిదికి బయల్దేరతాను, మీకు అప్పుడు పన్నెండున్నర.